ఫ్లోరెన్స్‌లో మొదటి ఆదివారం: అకాడెమియా క్యూ ఎంతసేపు?

అక్టోబరులో ఒక్కదాన్నే ఫ్లోరెన్స్ వెళ్తున్నా, రెండు రాత్రులు. నెల మొదటి ఆదివారం మధ్యాహ్నం 2:10కి రోమ్ నుంచి సాంటా మరియా నొవెల్లా స్టేషన్‌లో దిగుతా. మంగళవారం ఒంటిగంటకు తిరుగు రైలు. టికెట్ మార్చుకునే వీల్లేదు.

డ్యూమో (అక్కడి పెద్ద చర్చి) గుమ్మటం ఎక్కడానికి టికెట్ సోమవారం 10:30కి దొరికింది (463 మెట్లు, లిఫ్ట్ లేదు, మోకాళ్లదే భారం). ఉఫిజీ ఆర్ట్ మ్యూజియం మంగళవారం 8:15కి. చిక్కంతా అకాడెమియాతోనే, మైకెలాంజెలో చెక్కిన అసలు డేవిడ్ విగ్రహం ఉన్న మ్యూజియం అది. సోమవారం సెలవు. మంగళవారానికి మధ్యాహ్నం 3 తర్వాత స్లాట్లే మిగిలాయి. ఐదు రోజులుగా పొద్దునా రాత్రీ సైట్ చూస్తున్నా, ఒక్కటీ ఖాళీ అవ్వలేదు. గైడెడ్ టూర్లు చూశా, అవీ మధ్యాహ్నమే. సిన్యోరియా చౌక్‌లో ఉన్న నకలు డేవిడ్‌ని చూసి సరిపెట్టుకోమంటున్నారు తెలిసినవాళ్లు. అంత దూరం వెళ్లి నకలు చూసి రావడానికి మనసొప్పట్లేదు.

ఇక మిగిలింది ఆదివారమే. ఆ రోజు ప్రవేశం ఉచితం, ముందస్తు బుకింగ్ ఉండదు, క్యూలో నిలబడాల్సిందే. సామాను స్టేషన్‌లో పెట్టేసి నడిచి వెళ్తే 3 గంటలకల్లా గుమ్మం దగ్గరుంటా. మూసేది 6:50కి.

మొదటి ఆదివారం మధ్యాహ్నం 3 ప్రాంతంలో అక్కడ క్యూలో నిలబడినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి: లోపలికి వెళ్లడానికి మీకు ఎంతసేపు పట్టింది?