కూసే గాడిద వచ్చి మేసే గాడిదను చెడిపిందా, చెరిపిందా?

అరసున్న: పశువుల మందలు అడవిలోకి వస్తే జింకలు ఏం చేస్తాయన్న దాని మీద వ్యాసం రాస్తున్నాను. 'కూసే గాడిద వచ్చి మేసే గాడిదను...' అని మొదలుపెట్టి అక్కడే ఆగిపోయాను. చెడిపిందా, చెరిపిందా? నాన్నమ్మ 'చెరిపింది' అనేదని లీలగా గుర్తు.

బండి ఱ: చెఱిపింది. బండి ఱ పెట్టండి. 'చెడు'కు ప్రేరణార్థకం చెఱుచు, చెఱుపు. 'చెడిపింది' రెండింటినీ కలిపేసిన మాట.

యతిభంగం: అనుకున్నాను, మీరు ఱ లేకుండా రారని! జనం 'చెడగొట్టింది' అని హాయిగా అంటున్నారు కదా.

గసడదవ: అక్షరం తర్వాత తేల్చుకోండి. అసలు చెడింది ఏమిటి? రెండోది కూస్తే చేనుగలాయన కర్ర పట్టుకొని వచ్చాడు, రెండింటికీ దెబ్బలు. నేను విన్న అర్థం ఇదే.

పాత పేజీ: కర్రతో పనేం లేదండీ. కూత వినగానే మేసేది తలెత్తుతుంది, తనూ రాగం అందుకుంటుంది. మేత ఆగిపోతుంది. అంతే.

అరసున్న: పాత పేజీ గారూ, నాకు కావలసింది ఇదే! మంద వస్తే జింకకు పోయేది గడ్డి ఒక్కటే కాదు. మెడగంట, కాపరి అదిలింపు, వెంట కుక్క. జింక తలెత్తి, చెవులు నిక్కించి నిలబడుతుంది. నోట్లో గడ్డిపరక సగం బయటే వేలాడుతుంటుంది. తలెత్తినంతసేపూ మేత లేనట్టే. రోజూ ఇదే గొడవైతే మంచి పచ్చిక వదిలి ఏ వాలుకో, పొదల చాటుకో జరుగుతుంది. అమెరికాలో ఎల్క్ అనే పెద్ద దుప్పులు కూడా పశువులను తోలిన చోటు వదిలి పక్కకు తప్పుకుంటాయి.

గసడదవ: గడ్డిని అంత తేలిగ్గా తీసెయ్యకండి. ఆవు నాలుకతో చుట్టి లాగుతుంది, మరీ పొట్టి గడ్డి దానికి అందదు. గొర్రె అలా కాదు, నేలకంటా కొరుకుతుంది. దాని వెనక వచ్చేదానికి ఏం మిగులుతుంది? హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితిలో కిబ్బర్ ఊరివాళ్లు కొంత మేతభూమిలోకి మందలను తోలడం మానేస్తే భరల్ అనే అడవి నీలిగొర్రెలు పెరిగాయి.

అరసున్న: మంద ఆగితే గంట కూడా ఆగినట్టే కదండీ!

యతిభంగం: ప్రతిసారీ చెడుపే జరుగుతుందని ఎందుకనుకోవాలి? కెన్యాలో పశువులను అడవి జంతువులతో కలిపి మేపి చూశారు, 2011లో ఫలితాలు అచ్చయ్యాయి. ఎండల్లో పశువులు ఒళ్లు చేయడం తగ్గింది. వానల్లో మాత్రం విడిగా మేసినవాటికంటే ఎక్కువ ఒళ్లు చేశాయి. ముదురు కాడలు జీబ్రా తినేస్తే అడుగున లేత గడ్డి పశువుకు అందింది. జీబ్రా గాడిదకు దాయాదే. అంటే మేసే గాడిద బాగుచేసింది!

బండి ఱ: బాగుచేస్తే చేసింది గానీ, మీరింకా 'చెడుపు' అనే రాస్తున్నారు.

పాత పేజీ: చెడు, చేటు ఒకే ఇంటివి. ఆ లెక్కన విరాటపర్వంలో తిక్కన గారి 'సింగం బాకటితో' పద్యంలో 'చేట్పాటు' కూడా ఈ ఇంటిదే. ఆవుల మందను తోలుకుపోతేనే కదా ఆ యుద్ధం!

బండి ఱ: ఆ పద్యం ఎత్తారూ, ఇక నాకు నిద్ర పట్టదు. గుహలో ఆకలితో పడున్న సింహాన్ని ఆ ఒక్క ట్పా మన ముందు నిలబెడుతుంది.

యతిభంగం: నిలబెట్టేది ట్పా కాదు, దాని ముందున్న దీర్ఘం.

అరసున్న: వ్యాసం రేపు పొద్దున పంపాలి. ఎవరైనా...

బండి ఱ: దీర్ఘమా? పొల్లు టకారం దగ్గర నాలుక ఎలా ఆగుతుందో ఒకసారి పైకి చదివి చూడండి.