తప్పు చేసిన యువ ఆటగాణ్ని పిల్లల బహుమతి ప్రదానానికి పిలవవచ్చా?

విశాఖపట్నం మధురవాడలోని మా అపార్ట్‌మెంటు సంఘం, పిల్లల క్రికెట్ పోటీల బహుమతి ప్రదానానికి ఒక యువ ఆటగాణ్ని పిలవాలనుకుంటోంది. పందొమ్మిదేళ్ల వయసులో అతడు అమ్మాయిలను కించపరుస్తూ మాట్లాడిన వీడియో ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతూనే ఉన్నందున కొందరు సభ్యులు ససేమిరా అంటున్నారు. ‘కుర్రతనం, పోనివ్వండి’ అన్నది మిగిలినవారి మాట. ఆ మాట మగపిల్లల విషయంలోనే ఎక్కువగా వినబడుతుందన్నది వేరే సంగతి.

నిర్ణీత శిక్ష ఉన్నచోట క్షమకు ఒక గడువైనా ఉంటుంది. పాకిస్తాన్ బౌలర్ మహమ్మద్ ఆమిర్ 2010లో లార్డ్స్ టెస్టులో డబ్బు కోసం కుదిరిన ఫిక్సింగ్ ఒప్పందం ప్రకారం కావాలని నోబాల్స్ వేసినప్పుడు అతడికి 18 ఏళ్లు; ఐదేళ్ల నిషేధంతో పాటు ఇంగ్లండులో జైలు శిక్ష కూడా పడింది, 2016లో మళ్లీ జాతీయ జట్టులోకి వచ్చాడు. అప్పుడు సైతం అతడితో శిబిరంలో ఉండేందుకు ఇద్దరు సహ ఆటగాళ్లు మొదట ఒప్పుకోలేదు. మేము పిలవాలనుకున్న కుర్రాడికి ఏ శిక్షా పడలేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక్క వాక్యం క్షమాపణ పెట్టి ఊరుకున్నాడు.

అతడి పశ్చాత్తాపాన్ని దేన్నిబట్టి నమ్మాలి? పోటీల్లో ఆడుతున్న మా ఆడపిల్లల అభిప్రాయం ముందుగా అడగడం సబబా, లేక ఆ భారాన్ని వారి నెత్తిన పెట్టడమే అవుతుందా? ఇటువంటి ఆహ్వానాలపై నిర్ణయం తీసుకున్న అనుభవం ఉన్నవారు దయచేసి తెలియజేయగలరు.