డాట్ ఓ ఫైల్ లోపల చూడాలంటే ఆబ్జ్‌డంప్ ఒక్కటి చాలదా?

హెడర్_గార్డ్
మా టీమ్‌లో కొన్నాళ్లుగా ఒక వాదన నడుస్తోంది, ఎటూ తేలడం లేదు. కొత్తగా చేరినవాళ్లకు ఆబ్జెక్ట్ ఫైళ్లు, అంటే కంపైలర్ తయారు చేసే డాట్ ఓ ఫైళ్లు పరిశీలించడం నేర్పుతున్నాం. మా సీనియర్ ఒకాయన ముందు రీడ్‌ఎల్ఫ్ (లినక్స్ వాడే ఎల్ఫ్ ఫార్మాట్ ఫైళ్ల అమరిక చూపే టూల్), ఎన్‌ఎం (సింబల్స్, అంటే ఫంక్షన్ల, వేరియబుల్స్ పేర్లు చూపేది) నేర్పాలంటారు. ఆబ్జ్‌డంప్ జోలికి ఆ తర్వాతే వెళ్లాలట. లింక్ కాని, అంటే లింకర్ ఇంకా మిగతా ఫైళ్లతో కలపని ఫైల్ మీద ఆబ్జ్‌డంప్ చూపించేది కొత్తవాళ్లను తప్పుదారి పట్టిస్తుందని ఆయన గట్టి నమ్మకం.

నాకు అది ఒప్పుకోబుద్ధి కావడం లేదు. సెక్షన్లకు (ఫైల్‌లోని భాగాలకు) -హెచ్, సింబల్స్‌కు -టీ, రీలొకేషన్లకు (లింకర్ తర్వాత పూరించాల్సిన చోట్ల జాబితాకు) -ఆర్, హెక్స్‌లో చూడటానికి -ఎస్, అసెంబ్లీకి -డీ అంటూ అన్నీ ఒక్క టూల్‌లోనే ఉన్నాయి. రీడ్‌ఎల్ఫ్‌లో అసెంబ్లీ చూపించే సౌకర్యమే లేదు. అలాంటప్పుడు మొదలే రెండు టూల్స్ ఎందుకు? నాకు అలవాటు, నాకు ఇష్టం అని కాకుండా ఫలానా చోట ఫలానా తేడా వస్తుంది అని చూపించి చెప్పండి.

సెక్షన్_సుబ్బు
చూపిస్తాను. రెండు లైన్ల సీ ప్రోగ్రామ్ రాసి జీసీసీ కంపైలర్‌కు -సీ ఇచ్చి డాట్ ఓ తయారు చేయండి. దాని మీద ఆబ్జ్‌డంప్ -హెచ్ నడపండి. టెక్స్ట్ (కోడ్ ఉండేది), డేటా, బీఎస్‌ఎస్, కామెంట్, ఈహెచ్ ఫ్రేమ్ అనే సెక్షన్లు కనిపిస్తాయి. ఇప్పుడు అదే ఫైల్ మీద రీడ్‌ఎల్ఫ్ పెద్ద ఎస్ నడపండి. సిమ్‌ట్యాబ్ (సింబల్ టేబుల్), ఎస్‌టీఆర్‌ట్యాబ్, ఎస్‌హెచ్‌ఎస్‌టీఆర్‌ట్యాబ్ (పేర్ల పట్టికలు), రెలా టెక్స్ట్ (టెక్స్ట్ రీలొకేషన్లు) అదనంగా వస్తాయి. ఇవి ఫైల్‌లో నిజంగా ఉన్న సెక్షన్లే. ఆబ్జ్‌డంప్ వాటిని సెక్షన్ల జాబితాలో చూపించదు.

ఇంకో తిరకాసు నంబర్లలో ఉంది. ఆబ్జ్‌డంప్ లెక్కలో టెక్స్ట్ సెక్షన్ నంబరు 0. ఎల్ఫ్ ఫైల్‌లో 0 అనేది ఖాళీ ఎంట్రీ, టెక్స్ట్ నంబరు 1. టెక్స్ట్‌కు రీలొకేషన్లు ఉంటే మామూలుగా వాటి సెక్షన్ 2 అవుతుంది, డేటా 3 అవుతుంది. ఆబ్జ్‌డంప్ మాత్రం డేటాను 1 అంటుంది. సింబల్ టేబుల్‌లో ఒక సింబల్ 3వ సెక్షన్‌లో ఉందని రాసి ఉంటే ఆబ్జ్‌డంప్ జాబితాలో 3 ఎదురుగా ఉన్నది చూసి ఏం అర్థం చేసుకోవాలి? నేర్చుకునేవాడు అక్కడే ఇరుక్కుంటాడు.

ఎల్ఫ్ ఎలా అమర్చి ఉంటుందో మనసులో బొమ్మ కట్టాలంటే రీడ్‌ఎల్ఫ్‌తోనే మొదలుపెట్టాలి. మీ సీనియర్ మాటే సరైనది.

కాల్_స్టాక్
సుబ్బు గారూ, మీరు లోపం అంటున్నది నిజానికి ఆ టూల్ కట్టిన పద్ధతి. ఆబ్జ్‌డంప్ బీఎఫ్‌డీ లైబ్రరీ మీద నడుస్తుంది. ఫైల్ ఫార్మాట్ ఎల్ఫ్ అయినా, విండోస్ పీఈ అయినా, పాత కాఫ్ అయినా ఒకే చూపుతో చూపించడం ఆ లైబ్రరీ పని. సింబల్ టేబుల్, రీలొకేషన్లు అన్నవి ఫార్మాట్‌ను బట్టి వేరువేరు చోట్ల ఉంటాయి కాబట్టి వాటిని సెక్షన్లుగా లెక్కపెట్టదు. టెక్స్ట్ ఎదురుగా రీలాక్ అనే ఫ్లాగ్ పెట్టి రీలొకేషన్లు ఉన్నాయని చెప్తుంది. దాచిపెట్టడం అనడం న్యాయం కాదు.

ఇక అసలు సంగతికి వద్దాం. మెయిన్‌లో వేరే ఫైల్‌లో ఉన్న యాడ్ అనే ఫంక్షన్‌ను పిలిచారనుకోండి. ఆబ్జ్‌డంప్ -డీ నడిపితే ఎక్స్86-64 (ఇంటెల్, ఏఎమ్‌డీ) ప్రాసెసర్లలో కాల్ ఆదేశం ఇలా కనబడుతుంది: ఈ8 00 00 00 00. పక్కన యాడ్ అన్న పేరే ఉండదు. కాల్ 14వ బైట్ దగ్గర మొదలైతే, మెయిన్ మొదలైన చోటు నుంచి 19వ బైట్‌కు వెళ్తున్నట్టు రాసి ఉంటుంది. అంటే కాల్ అయ్యాక వచ్చే ఆదేశానికే. చూసినవాడు ఫంక్షన్ తనలోకే దూకుతోందేమిటి అని కంగారు పడతాడు. సీనియర్ గారి భయం ఇదే అయి ఉంటుంది.

కానీ -డీకి -ఆర్ జోడించి -డీఆర్ అని నడపండి. ఆ కాల్ కిందనే ఇంకో లైన్ వస్తుంది: 15వ బైట్ దగ్గర పీఎల్‌టీ32 రకం రీలొకేషన్, యాడ్ మైనస్ 4. ఆ నాలుగు సున్నాలు లింకర్ పూరించాల్సిన ఖాళీ అని అక్కడికక్కడే తెలిసిపోతుంది. రీడ్‌ఎల్ఫ్ -ఆర్ ఇచ్చేది ఆఫ్‌సెట్‌ల పట్టిక మాత్రమే. ఏ ఆఫ్‌సెట్ ఏ ఆదేశానిదో మీరే వెతికి జత చేసుకోవాలి. డాట్ ఓ ఫైల్‌లో మనకు కావాల్సింది ఆ జతే. ఇది పెట్టుకుని ఆబ్జ్‌డంప్ తప్పుదారి పట్టిస్తుందంటే ఎలా?

హెడర్_గార్డ్
ఆ మైనస్ 4 ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్క మాటలో చెప్పగలరా? మా కొత్తవాళ్లు అడిగే మొదటి ప్రశ్న అదే.

కాల్_స్టాక్
కాల్ దూరాన్ని ప్రాసెసర్ తర్వాతి ఆదేశం నుంచి లెక్కపెడుతుంది. లింకర్ మాత్రం ఖాళీ మొదలైన చోటు నుంచి లెక్కపెడుతుంది. ఖాళీ పొడవు 4 బైట్లు, అది అయిపోగానే తర్వాతి ఆదేశం. ఆ 4 బైట్ల తేడా సర్దడానికే మైనస్ 4. యాడ్ అడ్రస్‌లోంచి 4 తీసి, ఆపైన ఖాళీ ఉన్న అడ్రస్ తీసేస్తే ఆ సున్నాల చోట రాయాల్సిన సంఖ్య వస్తుంది. ఒకసారి కాగితం మీద వేయించండి, లింకర్ చేసే పని సగం అర్థమైపోతుంది.

సెక్షన్_సుబ్బు
వివరణ బాగుంది. అయినా గమనించండి, -డీఆర్ అని నడపాలని ముందే తెలిసినవాడికే అది దారి చూపింది. నెట్‌లో ఎక్కడ చూసినా -డీ ఒక్కటే రాస్తారు, కొందరు ఏకంగా పెద్ద డీ. పెద్ద డీ ఇస్తే డేటాను కూడా ఆదేశాలుగా చదివేస్తుంది. రోడేటా (మారని డేటా ఉండే) సెక్షన్‌లో ఇంగ్లిష్ హలో అన్న మాట ఉంటే, దాని బైట్లు 48 65 6సీ 6సీ 6ఎఫ్. పెద్ద డీ వాటిని పోర్టుల నుంచి చదివే, పోర్టులకు రాసే ఇన్స్, అవుట్స్ ఆదేశాలుగా చూపిస్తుంది. యూజర్ ప్రోగ్రామ్‌లో పోర్టులతో పనేమిటి అని కొత్తవాడు తల పట్టుకుంటాడు. రీడ్‌ఎల్ఫ్ ఉన్నది ఉన్నట్టు చెప్తుంది, ఊహించి ఏదీ జోడించదు.

చిన్న_బోర్డు
నేను మైక్రోకంట్రోలర్ల మీద పని చేస్తాను, మా వైపు లెక్క వేరు. ఆర్మ్ ప్రాసెసర్ కోసం కంపైల్ చేసిన డాట్ ఓ మీద ల్యాప్‌టాప్‌లో ఉన్న మామూలు ఆబ్జ్‌డంప్ -డీ నడిపితే, ఆర్కిటెక్చర్ తెలియదు, డిసాసెంబుల్ చేయలేను (అసెంబ్లీగా చూపించలేను) అని ఆగిపోతుంది. అదే ల్యాప్‌టాప్‌లోని మామూలు రీడ్‌ఎల్ఫ్ మాత్రం మెషీన్ ఆర్మ్ అని చెప్పి, సెక్షన్లు, సింబల్స్ అన్నీ చదివి పెడుతుంది. ఎవరో పంపిన ఫైల్ ఏ ప్రాసెసర్‌దో తెలియనప్పుడు మొదటి అడుగు రీడ్‌ఎల్ఫ్ -హెచ్ తప్ప ఇంకోటి లేదు.

మమ్మల్ని ఎక్కువగా ఏడిపించే ఎర్రర్ ఒకటుంది. ఒక ఫైల్ వీఎఫ్‌పీ (దశాంశ సంఖ్యల లెక్కలకు వాడే) రిజిస్టర్లలో ఆర్గ్యుమెంట్లు పంపుతోంది, ఇంకోటి పంపడం లేదు అని లింకర్ మొండికేస్తుంది. ఒక లైబ్రరీని హార్డ్ ఫ్లోట్‌తో (ఆ రిజిస్టర్లు వాడేలా), మన కోడ్‌ను సాఫ్ట్ ఫ్లోట్‌తో (అవి వాడకుండా) కంపైల్ చేస్తే వచ్చే గొడవ ఇది. ఒక వెండర్ ఇచ్చిన లైబ్రరీతో నాకు ఇలాగే అయింది. డాక్యుమెంట్‌లో ఈ ముక్క రాయలేదు, మెయిల్ పెడితే జవాబు లేదు, డెలివరీ తేదీ దగ్గర పడుతోంది. ఆ టెన్షన్‌లో రీడ్‌ఎల్ఫ్ పెద్ద ఏ నడిపితే ఏబీఐ వీఎఫ్‌పీ ఆర్గ్స్ అన్న ట్యాగ్ కళ్లెదుట కనిపించింది. మన డాట్ ఓలో ఆ ట్యాగ్ లేదు. బిల్డ్ ఫ్లాగ్ మార్చాం, పని అయిపోయింది. ఆరోజు వెయ్యి లైన్ల అసెంబ్లీ చదివినా ఇంత సూటిగా తెలిసేది కాదు.

కాల్_స్టాక్
చిన్నబోర్డు గారూ, ఆర్మ్ టూల్‌చెయిన్‌తో పాటే దాని సొంత ఆబ్జ్‌డంప్ వస్తుంది కదా. అది వద్దనుకుంటే ఎల్‌ఎల్‌వీఎం ఆబ్జ్‌డంప్ ఉంది, బిల్డ్ చేసినప్పుడు చేర్చిన ప్రాసెసర్లన్నిటికీ అదొక్కటే సరిపోతుంది. ట్యాగ్ విషయంలో మాత్రం మీ మాట కాదనను.

చిన్న_బోర్డు
టూల్‌చెయిన్ పక్కనే ఉంటే నేనూ అదే వాడతాను. అయితే ఆర్మ్‌లో ఇంకో సంగతుంది. ఏ బైట్లు ఆర్మ్ ఆదేశాలు, ఏవి థంబ్ (ఆర్మ్‌లోనే పొట్టి ఆదేశాల రకం), ఏవి మధ్యలో పెట్టిన డేటా అన్నది డాలర్ ఏ, డాలర్ టీ, డాలర్ డీ అనే మ్యాపింగ్ సింబల్స్ చెప్తాయి. ఆబ్జ్‌డంప్ వాటిని చూసే సరిగ్గా విడదీస్తుంది. స్ట్రిప్ చేసి (సింబల్స్ తీసేసి) అవి పోయాయంటే, థంబ్ కోడ్‌ను ఆర్మ్ అనుకుని పేజీల కొద్దీ అర్థంలేని ఆదేశాలు పోస్తుంది. -పెద్ద ఎం ఇచ్చి ఫోర్స్ థంబ్ అని మనమే చెప్పాలి. సుబ్బు గారు చెప్పిన ఊహ అన్న మాట ఇక్కడ బాగా నప్పుతుంది.

యూ_అంటే_అన్‌డిఫైన్డ్
మీరంతా పెద్ద కత్తులు దూస్తున్నారు. రోజూ జనం నెత్తిన పడేది అన్‌డిఫైన్డ్ రెఫరెన్స్ ఎర్రర్, అంటే పిలిచిన పేరు లింకర్‌కు ఎక్కడా దొరకలేదని. దానికి ఎన్‌ఎం చాలు. పిలిచే ఫైల్‌లో సింబల్ పక్కన యూ ఉంటుంది. ఇచ్చే ఫైల్‌లో పెద్ద టీ ఉండాలి. చిన్న టీ ఉంటే అది స్టాటిక్, బయటికి కనబడదు. సీ ప్లస్ ప్లస్ అయితే ఒకవైపు యాడ్ అని, ఇంకోవైపు అండర్‌స్కోర్ జెడ్ 3 యాడ్ ఐఐ అని ఉంటుంది. పేరు అలా మారకుండా ఆపే ఎక్స్‌టర్న్ సీ మర్చిపోయారని చూడగానే తేలిపోతుంది.

2020లో జీసీసీ 10 వచ్చినప్పుడు చాలా పాత ప్రాజెక్టులు మల్టిపుల్ డెఫినిషన్ అంటూ బిల్డ్ ఆగిపోయాయి. హెడర్‌లో ఎక్స్‌టర్న్ లేకుండా గ్లోబల్ వేరియబుల్ రాస్తే, పాత జీసీసీ దాన్ని కామన్ సింబల్‌గా పెట్టేది, లింకర్ అన్నిటినీ కలిపేసేది. 10 నుంచి నో కామన్ అన్నది డిఫాల్ట్ అయింది. ఎన్‌ఎంలో చూస్తే ఇంతకుముందు పెద్ద సీ ఉన్న చోట ఇప్పుడు పెద్ద బీ ఉంటుంది. ఒక్క అక్షరంలో కథంతా తెలిసిపోయింది! కొత్తవాళ్లకు మొదట ఇది నేర్పండి, మీ తగవు ఆ తర్వాత తీరిగ్గా తేల్చుకోండి.

శాండ్‌బాక్స్
ఎవరూ ఎత్తని సంగతి ఒకటి: ఫైల్ ఎక్కడి నుంచి వచ్చింది? రీడ్‌ఎల్ఫ్ బీఎఫ్‌డీ మీద ఆధారపడదు. బీఎఫ్‌డీలో బగ్ ఉన్నా దీనికి సంబంధం ఉండదని దాని మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది. 2014లో స్ట్రింగ్స్ అనే చిన్న టూల్ కూడా బీఎఫ్‌డీ ద్వారా ఫైల్ చదవడం వల్ల, కావాలని చెడగొట్టిన ఫైల్ ఇస్తే మెమరీ పాడవుతుందని బయటపడింది. అంతదాకా అక్షరాలు ఏరి చూపించే టూల్‌తో ప్రమాదం ఏముంటుందిలే అనుకున్నారు చాలామంది.

అలాగని రీడ్‌ఎల్ఫ్ వజ్రకవచం ఏమీ కాదు, దాని బగ్స్ దానికి ఉన్నాయి. తెలియని ఫైల్ అయితే ఏ టూల్ అయినా వేరే వర్చువల్ మెషీన్‌లోనే నడపండి. ఇంకో ముఖ్యమైన మాట: ఏ లైబ్రరీలు కావాలో చూడటానికి తెలియని ప్రోగ్రామ్ మీద ఎల్‌డీడీ అస్సలు వాడకండి, కొన్ని సందర్భాల్లో అది ఆ ప్రోగ్రామ్‌నే నడిపించేయొచ్చు. ఆబ్జ్‌డంప్ -పీ ఇచ్చి నీడెడ్ లైన్లు చూడండి, లేదా రీడ్‌ఎల్ఫ్ -డీ.

ఎల్‌టీఓ_వాడు
అసలు డాట్ ఓలో మెషీన్ కోడ్ ఉంటుందన్న నమ్మకమే ఇప్పుడు చెల్లదు. జీసీసీకి -ఎఫ్‌ఎల్‌టీఓ (ఎల్‌టీఓ, అంటే లింక్ చేసేటప్పుడు కోడ్‌ను మెరుగుపరిచే పద్ధతి) ఇచ్చి కంపైల్ చేసిన ఫైల్ మీద ఆబ్జ్‌డంప్ -డీఆర్ నడపండి, టెక్స్ట్ ఖాళీ. లోపల ఉన్నది కంపైలర్ మధ్య దశ కోడ్, అసలు కోడ్ లింక్ అయ్యేటప్పుడు పుడుతుంది. మామూలు ఎన్‌ఎం కూడా ప్లగిన్ దొరక్కపోతే చేతులెత్తేస్తుంది, జీసీసీ-ఎన్‌ఎం వాడాలి. క్లాంగ్ కంపైలర్‌తో అయితే ఇంకో మెట్టు పైన. ఆ డాట్ ఓ ఎల్ఫ్ ఫైలే కాదు, 42 43 సీ0 డీఈ అని మొదలయ్యే బిట్‌కోడ్, అదీ మధ్య దశ కోడే. రీడ్‌ఎల్ఫ్ ఇది ఎల్ఫ్ కాదని తిప్పి పంపేస్తుంది. రెండు టూల్స్ అభిమానులూ దీనికి జవాబు చెప్పాలి.

సెక్షన్_సుబ్బు
జవాబు మీ మాటలోనే ఉంది. ఇది ఎల్ఫ్ కాదు అని రీడ్‌ఎల్ఫ్ ముఖాన చెప్పింది, అదీ నాకు కావాల్సింది. జీసీసీ ఫైల్ అయితే పెద్ద ఎస్‌తో ఎల్‌టీఓ సెక్షన్లు వరసగా పేర్లతో కనిపిస్తాయి. ఖాళీ అసెంబ్లీ చూసి నా ఫంక్షన్ ఏమైపోయింది అని వెతుక్కునే పని ఉండదు.

కాల్_స్టాక్
ఎల్‌టీఓ సెక్షన్ల పేర్లు ఆబ్జ్‌డంప్ -హెచ్‌లోనూ వస్తాయి. ఈ పాయింట్ ఎవరి ఖాతాలోనూ పడదు.

హెడర్_గార్డ్
అందరికీ ధన్యవాదాలు. మా నోట్స్ మారుస్తున్నాను. మొదటి పాఠం ఎన్‌ఎం, అన్‌డిఫైన్డ్ రెఫరెన్స్‌తోనే. రెండో పాఠంలో ఒకే డాట్ ఓ మీద రీడ్‌ఎల్ఫ్ పెద్ద ఎస్, ఆబ్జ్‌డంప్ -డీఆర్ పక్కపక్కన పెట్టి, యాడ్‌ను పిలిచే ఆ కాల్ ఖాళీని చేత్తో పూరించమంటాను. -డీ ఒక్కటే రాసి ఉన్న చోట్లన్నీ -డీఆర్ చేస్తున్నాను. రీడ్‌ఎల్ఫ్ ముందా ఆబ్జ్‌డంప్ ముందా అన్నదాని మీద మాత్రం సీనియర్ గారికీ నాకూ ఇంకా పడదు. డాట్ ఓలో అసలు విషయం కోడ్, దాని మధ్యలోని ఖాళీలు. సెక్షన్ నంబర్లు ఆ తర్వాతే అని నా వాదన.

సెక్షన్_సుబ్బు
నా ఓటు ఇప్పటికీ ఆయనకే. పాఠంలో రీడ్‌ఎల్ఫ్‌కు పెద్ద డబ్ల్యూ కూడా చేర్చండి. అది లేకపోతే పొడవైన సీ ప్లస్ ప్లస్ సింబల్ పేర్లను మధ్యలో కోసేస్తుంది, రెండు వేర్వేరు ఫంక్షన్లు ఒకేలా కనబడతాయి.