అప్‌డేట్: ఎపాక్సీ లేఅప్‌లో పై పొర ఊడిపోవడానికి కారణం దొరికింది

వానాకాలంలో ఫోమ్ మీద గ్లాస్‌ఫైబర్ బట్టను ఎపాక్సీ (హార్డెనర్ కలిపితే గట్టిపడే రెజిన్)తో పొరలుగా అంటించి, అంటే లేఅప్ చేసి, తయారుచేసిన రెక్క టెస్ట్ పీస్ మీద, మర్నాడు వేసిన గ్లాస్ పొర గోటితో లాగితే ఊడొస్తోందని అడిగాను కదా, ఆ సంగతి తేలింది. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

బాలానగర్‌లో ఫైబర్ పని చేసే ఒక పెద్దాయనకు ముక్క చూపించాను. తడి వేలితో రుద్దారు, సబ్బు రాసినట్టు జారింది. అమీన్ బ్లష్! హార్డెనర్‌లోని అమీన్లు గాలిలోని తేమ, కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి పైన మైనంలాంటి పూత కడతాయట. అది అసిటోన్‌కు సరిగా పోదు, మామూలు నీళ్లకే పోతుంది. కడగకుండా సాండ్‌పేపర్ పడితే గీతల్లోకి ఇంకా దిగుతుంది.

ఇప్పుడు స్కాచ్‌బ్రైట్‌తో నీళ్లు పోసి కడిగి, బాగా ఆరాక 80 గ్రిట్ సాండ్‌పేపర్ పడుతున్నాను. అసలు పని చేసింది మాత్రం పీల్ ప్లై (తర్వాత లాగేసే నైలాన్ బట్ట) వాడమన్న సలహా. తడి పొర మీదే ఆ బట్ట పరిచి, గట్టిపడ్డాక లాగేస్తే బ్లష్ దాంతోనే పోతుంది, కింద గరుకుగా మిగులుతుంది. కొత్త ముక్కను బలవంతంగా చీలిస్తే ఫోమ్ చిరిగింది, పొర కదల్లేదు.

మొదట అనుమానం వచ్చిన రెజిన్-హార్డెనర్ మిక్సింగ్ నిష్పత్తి, గ్లాస్ బట్ట పాతదవడం: రెండూ కారణం కాదు. పాలిస్టర్ రెజిన్‌కు మారమన్నవాళ్లకు ఒక మాట: అందులోని స్టైరీన్ నా పాలీస్టైరీన్ ఫోమ్‌ను కరిగించేస్తుంది.