టోడ్‌స్టూల్ లెదర్ కోరల్: కోసిన ముక్కలు నిలవట్లేదు, ఎక్కడ తప్పుతోంది?

ఉప్పునీటి తొట్టి (హైదరాబాద్):

అందరికీ నమస్కారం. తొట్టి 36 అంగుళాల పొడవు, 18 వెడల్పు, 18 ఎత్తు. రాళ్లూ ఇసుకా పోను నీళ్లు 150 లీటర్లు. పెట్టి 14 నెలలైంది. అందులో గొడుగులా పెరిగే మెత్తటి పగడం, టోడ్‌స్టూల్, ఉంది. దాని గొడుగు 18 సెంటీమీటర్లకు విచ్చుకుని కింది జోవాంథిడ్స్‌కి (రాయి మీద గుంపుగా పెరిగే చిన్న పువ్వుల్లాంటి జీవులు) లైటు తగలనివ్వట్లేదు. పది రోజుల కిందట తొట్టిలో ఉండగానే కత్తెరతో అంచు నుంచి ఆరు ముక్కలు కత్తిరించి, సూపర్ గ్లూ జెల్‌తో ప్లగ్‌లకు (ముక్కలు నాటే చిన్న బిళ్లలు) అంటించాను. తెల్లారేసరికి నాలుగు ఊడి ఇసుకలో పడున్నాయి. మిగతా రెండు మూడో రోజుకి మెత్తబడి కుళ్లిపోయాయి. తల్లి కోరల్ ఒక్క పాలిప్ (పువ్వులా విచ్చుకునే చిన్న నోరు) కూడా బయటపెట్టకుండా, మైనం పూసినట్టు మెరుస్తోంది.

రీడింగులు: టెంపరేచర్ పొద్దున 27, సాయంత్రం 29.5. సెలినిటీ (ఉప్పదనం) 35 పీపీటీ. ఆల్కలినిటీ 8.2 డీకేహెచ్, కాల్షియం 420, మెగ్నీషియం 1300. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నా.

ఇసుకలో పడిన నాలుగూ బతుకుతాయా? తల్లి చచ్చిపోతోందా?

గొడుగు పగడం (విశాఖ):

తల్లి చావట్లేదండి, పొర విడుస్తోంది. టోడ్‌స్టూల్ చేరే సార్కోఫైటన్ జాతి అంతా అప్పుడప్పుడు ఇలా ముడుచుకుని, ఒంటి మీద పేరుకున్న నాచునీ మురికినీ ఒక మైనపు పొరతో సహా వదిలించుకుంటుంది. కోత పడ్డాక ఇది మరీ మామూలు. వారం నుంచి రెండు వారాలు పట్టొచ్చు. దగ్గరగా చూడండి: గొడుగు అంచున పల్చటి పొర లేచి, తడిసిన టిష్యూ పేపర్ పీలికలా నీళ్లలో ఊగుతుంటుంది. చేత్తో గీకొద్దు. పవర్‌హెడ్‌ని (తొట్టిలో నీళ్లు కదిలించే పంపు) కాస్త అటు తిప్పితే నీళ్లే లాక్కుపోతాయి. భయపడాల్సింది కాడ మెత్తబడి గుంట పడితే, లేదా కుళ్లిన గుడ్డు వాసన వస్తే. అప్పుడు మాత్రం ఆలస్యం చేయకుండా చెడిన భాగాన్ని గట్టి కండ వచ్చేదాకా కోసి తీసేయాలి.

ఇక ముక్కల సంగతి. లెదర్ కోరల్‌కి గ్లూ పట్టదు. కోసిన చోట నుంచి గంటల తరబడి జిగట కారుతూనే ఉంటుంది. గ్లూ ఆ జిగటకి అంటుకుంటుందే గాని కండకి కాదు, అందుకే రాత్రికి రాత్రే అట్టలా ఊడొచ్చేస్తుంది. కుళ్లిన రెండింటికీ కారణం కత్తెర. మందమైన కండని కత్తెర కోయదు, నలుపుతుంది. నలిగిన కండ చచ్చి, అక్కడి నుంచే కుళ్లు మొదలవుతుంది. తొట్టిలోనే కోయడం ఇంకో తప్పు. ఇవి పక్క కోరల్స్ మీద ప్రయోగించే టర్పీన్ రసాయనాలు కోత వేళ ఒక్కసారిగా నీళ్లలో కలుస్తాయి.

ఈసారి రాయితో సహా బయటికి తీసి, తొట్టి నీళ్లు పోసిన ట్రేలో పెట్టండి. మందుల షాపులో దొరికే సర్జికల్ బ్లేడు కొత్తది తీసుకుని నూనె పోయేలా కడగండి. అంచు నుంచి మధ్యకి ఒక్క లాగులో కోయాలి, రంపంలా ఆడించకూడదు. బ్లేడు కింద సన్నటి ఇసుక గరగరలాడినట్టు తెలుస్తుంది. ఈ కోరల్‌కి గట్టి అస్థిపంజరం లేకపోయినా, కండలో స్క్లెరైట్స్ అనే సున్నపు పలుకులు ఉంటాయి, గరగర వాటిదే. ముక్క 3 సెంటీమీటర్లకి తగ్గనివ్వొద్దు. చిన్నదైతే గాయం ఎక్కువ, కండ తక్కువ. గొడుగు మొత్తం తీసేయాలన్నా ఫర్వాలేదు, మిగిలిన మోడు కాడకి కొన్ని నెలల్లో కొత్త గొడుగు వస్తుంది.

కోశాక లీటరు తొట్టి నీళ్లలో పోవిడోన్ అయోడిన్ సొల్యూషన్ లేత టీ రంగు వచ్చేదాకా చుక్కలుగా వేసి పది నిమిషాలు ముంచండి. స్క్రబ్ అని రాసున్న సీసా వద్దు, అందులో సబ్బు ఉంటుంది. ముంచిన నీళ్లు పారబోసి, ముక్కని వేరే తొట్టి నీళ్లలో జాడించాలి.

నిలబెట్టడానికి చెక్క టూత్‌పిక్ వాడండి. ముక్క మధ్యలో అడ్డంగా గుచ్చి, కోసిన వైపు ప్లగ్‌కి ఆనేలా పెట్టి, బయటికి వచ్చిన రెండు కొసల మీదుగా రబ్బరు బ్యాండు వేయండి. బ్యాండు పుల్లని పట్టుకోవాలి, కండని కాదు. బిగిస్తే రెండు రోజుల్లో కండని కోసుకుంటూ కిందికి దిగిపోతుంది. రెండు మూడు వారాల్లో అడుగు అంటుకుంటుంది, అప్పుడు పుల్ల లాగేయొచ్చు.

ఇసుకలో పడినవి నొక్కితే గట్టిగా ఉంటే బతికే ఉన్నాయి. ఐస్‌క్రీం డబ్బాకి బెజ్జాలు చేసి, అడుగున రెండు సెంటీమీటర్ల మందాన చిన్న రాతి ముక్కలు పోసి, వాటి మీద ఈ నాలుగూ పెట్టండి. పైన బత్తాయిలు కట్టే ప్లాస్టిక్ వల కడిగి కప్పండి. తమంతట తామే ఏదో ఒక రాయిని పట్టుకుంటాయి. ఇసుకలోనే వదిలేస్తే మాత్రం అడుగున గాలి ఆడక కుళ్లుతాయి.

లీటరుకి 35 గ్రాములు:

కోత గురించి పైన చెప్పింది సరైనది. కానీ అసలు చిక్కు ఆ రెండు సున్నాల్లో ఉంది. నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నా అంటే శుభ్రమైన తొట్టి అని సంబరపడతాం, సాఫ్ట్ కోరల్స్‌కి అది పస్తు. గాయం మానడానికి తిండి కావాలి. నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మధ్య నిలపండి. ఫాస్ఫేట్ రిమూవర్ వాడుతుంటే తీసేయండి, స్కిమ్మర్ (నురగతో మురికి తీసే పరికరం) రాత్రిపూట ఆపండి, చేపలకి ఇంకో పూట మేత వేయండి. రెండూ సున్నాలో ఉండిపోతే బుడగలతో గోధుమ రంగు జిగురు ఇసుక మీద పరుచుకుంటుంది. అవి డైనోలు (డైనోఫ్లాజెలేట్లనే సూక్ష్మజీవులు), వదిలించుకోవడం చాలా కష్టం.

కోత పడిన వారం, నీళ్లలో కలిసిన ఆ రసాయనాల్ని పీల్చడానికి యాక్టివేటెడ్ కార్బన్ తప్పనిసరి. మీ నీళ్లకి 100 గ్రాములు, నల్లపొడి పోయేదాకా కడిగి, నీళ్లు గుండా పారే చోట పెట్టండి. రెండు వారాలకి మార్చండి. కొత్త ముక్కలకి మొదట్లో లైటు 50 నుంచి 80 పార్ (కోరల్‌కి పనికొచ్చే వెలుతురు కొలత) చాలు.

29.5 ఎక్కువే. నీటి మీదికి ఒక చిన్న ఫ్యాను తిప్పితే హైదరాబాద్ పొడి ఎండకి రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. వైజాగ్ ఉక్కలో అంత దిగదు, అక్కడ చిల్లర్ తప్పదు. ఫ్యాను పెడితే రోజుకి రెండు మూడు లీటర్లు ఆవిరవుతాయి. ఉప్పు ఆవిరి కాదు కాబట్టి ఆ లోటు ఉప్పు లేని శుద్ధమైన నీళ్లతోనే నింపాలి, ఉప్పునీళ్లతో కాదు.

తీరం:

జోవాంథిడ్స్ నీడలో ఉన్నాయన్నారు కాబట్టి ఒక మాట. వాటినీ కోయాలనిపిస్తే కళ్లద్దాలు, గ్లవ్స్ లేకుండా ముట్టొద్దు. వాటిలో, ముఖ్యంగా పాలిథోవా అనే రకంలో, పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. చేతికి గాయం ఉన్నా, చుక్క కంట్లో చిమ్మినా ఆసుపత్రి పాలవుతారు. ఆ రాయిని ఎప్పుడూ మరిగించకండి, దాని మీద వేడినీళ్లు పోయకండి. ఆవిరితో ఇంట్లో అందరికీ జ్వరం, ఆయాసం వచ్చిన ఘటనలు వేరే దేశాల్లో ఉన్నాయి.

ప్లగ్‌ల కోసం చచ్చిన పగడపు రాయి ఎవరైనా అమ్మజూపితే కొనొద్దు. గట్టి పగడాలన్నీ, సీ ఫ్యాన్‌లన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి. టైల్స్ షాపులో మిగిలిన సిరామిక్ ముక్కల గరుకు వైపు హాయిగా సరిపోతుంది.

ఉప్పునీటి తొట్టి (హైదరాబాద్):

చాలా థాంక్సండి. డబ్బా చేసి నాలుగూ అందులో పెట్టాను, గట్టిగానే ఉన్నాయి. ఒక అనుమానం: ఉప్పు కలిపే నీళ్లు ఇంట్లో తాగే ఆర్‌ఓ ప్యూరిఫయర్ నుంచే పడుతున్నాను. టీడీఎస్ 60 చూపిస్తోంది. అందులో కాపర్ కార్ట్రిడ్జ్ కూడా ఉంది. ఇబ్బందా?

లీటరుకి 35 గ్రాములు:

పెద్ద ఇబ్బందేనండి. మనిషికి మంచిదని కలిపే రాగి కోరల్స్‌కీ రొయ్యలకీ నత్తలకీ విషం. మామూలు కాపర్ టెస్ట్ కిట్లు చేపల మందు మోతాదుని చూపడానికి చేసినవి, ఇంత తక్కువని పట్టుకోలేవు, కాబట్టి కిట్ సున్నా చూపినా నమ్మకండి. 60 టీడీఎస్ రావడానికి కారణం టీడీఎస్ కంట్రోలరో మినరల్ కార్ట్రిడ్జో వెనక నుంచి ఉప్పులు కలపడం. మెంబ్రేన్ నుంచి బయటికి వచ్చే పైపు దగ్గరే T ఆకారపు కనెక్టర్ పెట్టి, ఆ నీళ్లని డీఐ రెజిన్ (మిగిలిన లవణాల్ని పీల్చే గుళికలు) గుండా పోనివ్వండి. మీటరు 0 చూపాలి, 2 దాటితే రెజిన్ మార్చాలి. తొట్టిలోకి ఇప్పటికే చేరిన రాగికి, ఈ శుద్ధమైన నీళ్లతో కలిపిన ఉప్పునీటితో వారానికి 20 శాతం చొప్పున నాలుగు వారాలు మార్చండి. దుకాణంలో రాగిని పీల్చే రెజిన్ దొరికితే అదీ కార్బన్ పక్కన పెట్టండి.

అప్పటిదాకా కొత్త కోతలు వద్దు. తల్లి పాలిప్స్ పూర్తిగా విచ్చుకున్నాక ఇంకో రెండు వారాలు ఆగి, అప్పుడు బ్లేడు తీయండి.