సైనికులు లేని చెద: కొత్త జాతిగా ప్రకటించే ముందు ఏమేం చూడాలి?

శ్రావణి (ప్రశ్న):
శుష్క ఆకురాల్చు అడవిలో రాళ్ల కింద తీసిన చెదలు. ఏ గూటి నమూనాలోనూ సైనికులు లేరు. అన్నీ శ్రామిక చెదలే, ఒక్క గూటిలో మాత్రం ఉసిళ్లు కూడా దొరికాయి. అందుబాటులో ఉన్న వర్ణనలు దేనితోనూ పొసగడం లేదు. మూడు సందేహాలు. సైనికులు లేకపోవడాన్నే ముఖ్య లక్షణంగా రాయొచ్చా? పేగు కవాటాన్ని (వెనక పేగు రెండు భాగాల మధ్య ఉండే సన్నని గొట్టాన్ని) స్లైడు మీద పరచబోతే ప్రతిసారీ చిరుగుతోంది, ఎలా చేయాలి? హోలోటైప్‌గా (జాతి పేరుకు ఆధారంగా నిలిపే నమూనాగా) శ్రామిక చెదను పెట్టొచ్చా, ఉసిలే కావాలా?

రమణమూర్తి:
శ్రావణి గారూ, మొదటి దానికి జవాబు: రాయకండి. సీసాలో సైనికులు లేకపోవడం వేరు, జాతిలోనే లేకపోవడం వేరు. చాలా జాతుల్లో సైనికులు గూటి జనాభాలో కొద్ది శాతమే ఉంటారు. రాయి ఎత్తగానే చేతికందిన ముప్పై నలభై చెదల్లో ఒక్కడూ పడకపోవచ్చు. పైగా టెర్మిటిడే కుటుంబంలో సైనిక వర్గం ఒకటికి మించిన శాఖల్లో విడివిడిగా అంతరించింది. కాబట్టి ఆ లేమిని బట్టి ప్రజాతి (దగ్గరి జాతుల సమూహం) తేలదు.

ఆ కుటుంబంలోని ఎపికోటెర్మిటినే ఉపకుటుంబాన్నే చూడండి: అమెరికా ఖండాల్లో దాని ఏ జాతికీ సైనికులు లేరు. ఆఫ్రికాలో ఉన్నవీ ఉన్నాయి, లేనివీ ఉన్నాయి. ఆసియాలో సైనికులున్న ప్రజాతులు చాలానే కనిపిస్తాయి. మీ నమూనా ఏ ఖండానిదన్నదాన్ని బట్టి పోల్చాల్సిన పట్టిక మారిపోతుంది.

నిర్ణయం చెప్పేది శ్రామిక చెద పేగు. 1972లో చెదల శాస్త్రవేత్త శాండ్స్ ఆఫ్రికా జాతులను పేగు నిర్మాణం ఆధారంగా విడదీసిన దగ్గర్నుంచి ఈ గుంపులో అదే అసలు ఆధారం. 1873లో ఫ్రిట్జ్ మ్యుల్లర్ పెట్టిన అనోప్లోటెర్మిస్ అనే ప్రజాతి పేరు కింద ఒకదానికొకటి సంబంధం లేని జాతులు ఎన్నో వచ్చి చేరాయి. పాత వర్ణనల్లో చాలావాటికి పేగు బొమ్మే లేకపోవడం దానికి పెద్ద కారణం. మీరు రాసేది కూడా ఆ వరసలో చేరకూడదు.

హిమబిందు:
కవాటం గురించి నేను చెప్తాను. చిరగడానికి సాధారణంగా మూడు కారణాలు: గట్టి ఆల్కహాల్‌లో బిరుసెక్కిన నమూనా, లోపల మిగిలిన మట్టి, కండరపు పొర తీయకుండానే కోయడం.

విచ్ఛేదనానికి 75 నుంచి 80 శాతం ఇథనాల్‌లో ఉంచిన చెదలు తీసుకోండి. 95 శాతం పైన ఉన్నవి డీఎన్ఏకే బాగుంటాయి, పేగు మాత్రం పెళుసుగా విరుగుతుంది. అందుకే గూడు దొరికిన చోటనే రెండు సీసాలుగా పంచుకోవాలి. తల బాగా రంగు తేలిన ముదురు శ్రామికులనే ఎంచండి. కుబుసం విడవబోయేవాటి పేగు ఖాళీగా ముడుచుకుని ఉంటుంది, వాటి కొలతలు నమ్మడానికి లేదు.

వీపు వైపు పొర తొలగించాక పేగును వెంటనే బయటకు లాగకండి. ముందు ఉన్నచోటనే పైనుంచి, కుడినుంచి, కిందనుంచి, ఎడమనుంచి నాలుగు ఫొటోలు తీయండి. మధ్యపేగు, పీ1 (వెనక పేగు మొదటి భాగం; పీ2 కవాటమున్న గొట్టం, పీ3 దాని తర్వాతి భాగం) కలిసే చోటు ఎలా ఉంది, మాల్పీజియన్ నాళికలు (విసర్జక గొట్టాలు) ఎక్కడ అతుక్కున్నాయి, పీ1 ఎక్కడ ఉబ్బి ఎక్కడ సన్నబడింది, కవాటం పీ3లోకి ఏ వైపునుంచి దిగుతోంది అన్నవి నమోదు చేయాలి. చుట్ట విప్పాక ఈ వివరాలు తిరిగి రావు.

తర్వాత పీ1 చివర కొంత, పీ3 మొదలు కొంత కలిసి వచ్చేలా రెండు వైపులా కోసి, పీ2 గొట్టాన్ని వేరు చేయండి. కవాటాన్ని అంచుకే కోస్తే పీ3లోకి చొచ్చుకెళ్లిన భాగం పోతుంది. సన్నని సూది పక్కభాగంతో మెల్లగా నొక్కుతూ లోపలి మట్టిని ఇథనాల్‌లోకి వెళ్లగొట్టాలి. మొన తగలనీయకండి, కవాటం లోపలి ముళ్లు రాలిపోతాయి. మట్టి పోయిన గొట్టాన్ని పీవీఏ (పాలివినైల్ ఆల్కహాల్) మౌంటింగ్ ద్రవంలో ముంచండి. ఇథనాల్ పలచబడే కొద్దీ కండరపు పొర వదులవుతుంది, అప్పుడు దాన్ని తొడుగులా జార్చి తీసేయొచ్చు. మిగిలిన పల్చని లోపలి పొర అయిన క్యూటికల్‌ను నిలువునా ఒకే గాటుతో చీల్చి, లోపలి ముఖం పైకి ఉండేలా పరిచి, అదే ద్రవంలో కవర్‌స్లిప్ వేయండి. 400 రెట్లలో సూక్ష్మదర్శినికి ఫేజ్ కాంట్రాస్ట్ (పారదర్శక భాగాలను తేటగా చూపే ఏర్పాటు) ఉంటే ముళ్లు స్పష్టంగా తేలతాయి.

చీల్చే గాటు దిండు (కవాటం లోపలి గోడ మీది ఉబ్బు) మీదుగా కాకుండా రెండు దిండ్ల మధ్య పడాలి. సాధారణంగా మూడు పెద్దవి, మూడు చిన్నవి ఒకదాని పక్కన ఒకటి వస్తాయి. ఆరూ సమానంగా ఉన్నాయా, ఏదైనా పొడవుగా సాగిందా, పొలుసులున్నాయా ముళ్లున్నాయా, ముళ్లు ఏ దిక్కు చూస్తున్నాయి అన్నవే జాతిని పట్టిచ్చేవి. ఒక్క స్లైడుతో తేల్చేయకండి. వేర్వేరు గూళ్ల నుంచి కనీసం ముగ్గురు నలుగురి కవాటాలు చూడండి. ముళ్లు లేవనిపిస్తే, అవి రాలిపోలేదని రెండో స్లైడు రుజువు చేయాలి.

శ్రావణి:
చాలా థాంక్స్ హిమబిందు గారూ. నేను 96 శాతంలో ఉన్నవాటినే కోస్తున్నాను, చిరగడానికి అదే కారణమై ఉంటుంది. ఈ శ్రామికుల ఛాతీ, పొట్ట కలిసే చోట ఇరుపక్కలా ఉబ్బుగా ఉంది. దానికేమైనా అర్థముందా?

రమణమూర్తి:
ఉంది, తప్పక రాయండి. సైనికులు లేని గూళ్లను శ్రామికులే కాపాడుకోవాలి. 1977లో మాథ్యూస్ పెట్టిన రప్టిటెర్మిస్ ప్రజాతిలో సరిగ్గా ఆ చోట ఉండే గ్రంథులు పగిలి జిగురు ద్రవం బయటకొస్తుంది, ఆ చెద చచ్చిపోతుంది. అయితే ఉబ్బు ఒక్కటీ చూసి రప్టిటెర్మిస్ అనేయకండి. పట్టకారు నొక్కుడుకు పొట్ట చితికినా బయటికి ఇలాగే కనిపిస్తుంది. నొక్కు తగలని నమూనాలో రెండు పక్కలా సమానంగా ఉందా, లోపల గ్రంథి సంచి ఉందా అని తెరిచి చూడండి.

సుధాకర్:
హోలోటైప్ సంగతి. శ్రామిక చెదను పెట్టొచ్చు, ఈ గుంపులో అది మామూలే. కానీ హోలోటైప్ అంటే ఒకే ఒక్క జీవి. సీసా మొత్తాన్ని హోలోటైప్ అనకూడదు. ఆ ఒక్కదాన్నీ చిన్న గొట్టంలో వేసి, దూదితో మూసి, పెద్ద సీసాలో ఉంచండి. దాన్ని కోయొద్దు. అదే గూటి మిగతా వర్ణన నమూనాలను, అంటే పారాటైప్‌లను కోసి, స్లైడు మీద గూటి సంఖ్య రాయండి.

1999 తర్వాత ప్రచురించే జాతికి హోలోటైప్ ఏదో స్పష్టంగా చెప్పి, అది ఏ సంగ్రహాలయంలో ఉంటుందో రాయకపోతే పేరు చెల్లదు. పత్రిక ఎలక్ట్రానిక్ రూపంలోనే వస్తుంటే జూబ్యాంక్ (జంతు నామాల అధికారిక రిజిస్టరు) నమోదు ప్రచురణకు ముందే జరగాలి, ఆ నమోదు ఆధారం వ్యాసంలోనే కనిపించాలి. చాలామంది ఇక్కడే తడబడతారు. నమూనా సేకరణ అనుమతి పత్రం సంఖ్య కూడా వేయండి, సంగ్రహాలయాలు అడుగుతాయి.

డీఎన్ఏకు తల, కాళ్లు మాత్రమే వాడండి. పేగులోని మట్టి డీఎన్ఏ ప్రతులను పెంచే పీసీఆర్‌ను అడ్డుకుంటుంది, పైగా అందులోని సూక్ష్మజీవుల డీఎన్ఏ కలుస్తుంది. సీఓఐ, 16ఎస్ అనే రెండు జన్యువుల క్రమాలూ చేయిస్తే మంచిది. ఇంత శాతం తేడా ఉంటే కొత్త జాతి అనే గీత ఏదీ లేదు. మీ గూళ్ల మధ్య తేడాను, దగ్గరి జాతితో తేడాను పక్కపక్కన పెట్టండి.

హిమబిందు:
కొలతలకు గూటికి పది మంది శ్రామికుల చొప్పున తల వెడల్పు, ప్రోనోటం (ఛాతీ ముందు భాగపు పైపలక) వెడల్పు, వెనక టిబియా (కాలి పిక్క భాగం) పొడవు, ముందు టిబియా పొడవుతో పాటు వెడల్పు తీయండి. ముందు టిబియా ఉబ్బు ఈ గుంపులో చాలా పనికొచ్చే లక్షణం. దవడలు విప్పి, అరుగుదల లేనివి బొమ్మ వేయండి. మట్టి తినే చెదల పళ్లు త్వరగా మొద్దుబారతాయి, అరిగిన పన్ను వేరే జాతిదిలా కనిపిస్తుంది.

ఉసిళ్లున్న గూడు మీకు పెద్ద ఆసరా. ఒకే గూటివి కాబట్టి రెండు వర్గాలనూ జోడించడానికి అనుమానం ఉండదు, అవి కూడా పారాటైప్‌ల్లో చేరాలి. ఫాంటనెల్ (తల మీది గ్రంథి మచ్చ) ఆకారం, ఒసెల్లి (చిన్న సాధారణ కళ్లు) పరిమాణం, అవి కళ్లకు ఎంత దూరంలో ఉన్నాయో రాయండి. మిగతా గూళ్లలో ఉసిళ్లు కావాలంటే తొలకరికి కాస్త ముందు వెతకండి, అప్పుడు రెక్కలొచ్చి గూట్లోనే ఉంటాయి. నడి ఎండల్లో ఈ చెదలు మట్టిలో లోతుకు దిగిపోతాయి. అప్పుడు రాళ్ల కింద ఏమీ దొరక్కపోయినా అక్కడ లేవని అనుకోవద్దు. వేరే చెదల పుట్టల గోడల్లో కూడా చూడండి.