ఒకసారి కంపైల్ చేసిన లైబ్రరీ అన్ని లినక్స్ డిస్ట్రోలలో (ఉబుంటు, డెబియన్ వంటి లినక్స్ రకాలలో) నడవాలంటే ఏం చేయాలి?

ప్రశ్న – నల్లగొండ_సీపీపీ

అందరికీ నమస్కారం. తెలుగు పదాలను అక్షరాలుగా విడదీసి, అకారాది క్రమంలో పేర్చే చిన్న లైబ్రరీ ఒకటి సీ ప్లస్ ప్లస్‌లో రాశాను. నల్లగొండ, దేవరకొండ, మహబూబ్‌నగర్‌లలోని కొన్ని కళాశాలల ల్యాబ్‌లలో దాన్ని వాడుకుంటామని అధ్యాపకులు అడుగుతున్నారు. నా కంప్యూటర్‌లో ఉబుంటు 22.04 ఉంది, ఆ ల్యాబ్‌లలో ఒకచోట ఉబుంటు 20.04, ఒకచోట డెబియన్ 11, ఇంకోచోట ఇప్పటికీ సెంటాస్ 7 నడుస్తున్నాయి. నేను కంపైల్ చేసిన ఫైలును అక్కడ పెడితే ‘జీలిబ్‌సీ_2.34 దొరకలేదు’ (జీలిబ్‌సీ అంటే చాలా డిస్ట్రోలలో ప్రోగ్రాంలు ఆధారపడే మూల సీ లైబ్రరీ) అంటూ ప్రోగ్రాం మొదట్లోనే ఆగిపోతోంది. నేను కొత్త ఫంక్షన్లేవీ వాడలేదు; థ్రెడ్లను (ఏకకాలంలో నడిచే పనులను) మొదలుపెట్టే పీథ్రెడ్_క్రియేట్, అకారాది క్రమం కోసం ఐసీయూ అనే యూనికోడ్ లైబ్రరీ, అంతే. ల్యాబ్‌లలో కంపైలర్ లేదు, నెట్ అంతంతమాత్రం, కాబట్టి సోర్స్ ఇచ్చి కంపైల్ చేసుకోమనడం కుదరదు. డిస్ట్రోకొక ప్యాకేజీ చేయకుండా ఒకే ఫైలుతో గట్టెక్కే మార్గం ఉందా?

జవాబు – పాలమూరు_బిల్డ్

ఉందండి. ఆ లోపానికి కారణం 2021 ఆగస్టులో వచ్చిన జీలిబ్‌సీ 2.34. అంతవరకు విడిగా ఉన్న థ్రెడ్ల లైబ్రరీ లిబ్‌పీథ్రెడ్‌ను అందులో ప్రధాన లైబ్రరీలోనే కలిపేయడంతో పాత ఫంక్షన్లకే కొత్త వెర్షన్ ముద్ర పడింది. మీ ఫైలు మీద, అది వాడే ఫంక్షన్ల పేర్లను చూపే ఆబ్జ్‌డంప్‌ను పెద్ద టీ ఆప్షన్‌తో నడిపి చూడండి, పీథ్రెడ్_క్రియేట్ పక్కన జీలిబ్‌సీ_2.34 అని కనబడుతుంది. అదే కోడ్‌ను సెంటాస్ 7లో కంపైల్ చేస్తే ఆ పేరు పక్కనే జీలిబ్‌సీ_2.2.5 ఉంటుంది. పాత జీలిబ్‌సీ మీద కట్టినది కొత్తదాని మీద నడుస్తుంది గాని కొత్తదాని మీద కట్టినది పాతదాని మీద నడుస్తుందన్న హామీ లేదు. కాబట్టి మీ జాబితాలో అన్నిటికన్నా పాత డిస్ట్రోలోనే బిల్డ్ చేయాలి.

అందుకు పైథాన్ వాళ్లు సిద్ధం చేసిన మెనీలినక్స్2014 కంటెయినర్‌ను (ఒక పాత డిస్ట్రోను, కంపైలర్‌ను కలిపి పొదిగిన బిల్డ్ వాతావరణాన్ని) వాడుకోండి. మీది పైథాన్ ప్యాకేజీ కాకపోయినా ఇబ్బంది లేదు. అది సెంటాస్ 7దే, అంటే జీలిబ్‌సీ 2.17 ఉన్నదే అయినా కంపైలర్ మాత్రం కొత్తది. అయితే ఆ కంపైలర్ స్ట్రింగ్‌ను మెమరీలో 2015 నాటి జీసీసీ 5 కంపైలర్‌కు ముందున్న పాత పద్ధతిలోనే అమరుస్తుంది, మిగతా ల్యాబ్‌లలోని ప్రోగ్రాంలు కొత్త పద్ధతిని ఆశిస్తాయి. అందుచేత హెడర్ ఫైలులో స్ట్రింగ్, వెక్టర్ వంటివి బయటికి రానీయకుండా అచ్చమైన సీ ఇంటర్‌ఫేస్ ఇవ్వండి. నన్నడిగితే ఇలా పంచిపెట్టే ఏ లైబ్రరీకైనా అదే మేలు.

జవాబు – వనపర్తి_లినక్స్

పై జవాబు సరైనదే, కాని జీలిబ్‌సీ సంగతి తేలినా ఐసీయూ మిమ్మల్ని వదలదు. అది తన ఫంక్షన్ల పేర్ల చివరనే వెర్షన్ సంఖ్యను తగిలిస్తుంది: ఉబుంటు 22.04లో 70, 20.04లో 66, డెబియన్ 11లో 67, సెంటాస్ 7లో 50. ఒకదానికి లింక్ చేసినది మరొకదానిలో లోడే కాదు. ఐసీయూను కూడా ఆ కంటెయినర్‌లోనే కట్టి, స్టాటిక్‌గా మీ ఫైలులో కలిపి, లింకర్‌కు ఎక్స్‌క్లూడ్-లిబ్స్ ఆప్షన్ ఇచ్చి దాని పేర్లు బయటికి పొక్కకుండా చూడండి. డేటా భారీగా ఉంటుంది గాని, కావలసిన భాషలను మాత్రమే ఉంచుకునే ఫిల్టర్ 64వ వెర్షన్ నుంచి ఉంది.

దీనికి మూల్యం లేకపోలేదు. ఐసీయూలో రేపు భద్రతా లోపం బయటపడితే డిస్ట్రో అప్‌డేట్ మీ ఫైలును తాకదు. మీరే మళ్లీ కట్టి ల్యాబ్‌లన్నిటికీ పంపాలి. జీలిబ్‌సీని మాత్రం ఇలా వెంట మోసుకెళ్లకండి, లోడర్‌తో (ప్రోగ్రాంను, లైబ్రరీలను మెమరీలోకి తెచ్చే భాగంతో) అది పొసగదు.

నల్లగొండ_సీపీపీ

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఒక ల్యాబ్‌లో ఆల్పైన్ అనే డిస్ట్రో కంటెయినర్లు కూడా ఉన్నాయట. ఈ ఫైలే అక్కడా సరిపోతుందా?

పాలమూరు_బిల్డ్

సరిపోదండి. ఆల్పైన్‌లో ఉన్నది జీలిబ్‌సీ కాదు, మజిల్ అనే వేరే సీ లైబ్రరీ. దానికి మజిల్ కోసమే ఉన్న మజిల్‌లినక్స్ కంటెయినర్‌లో రెండో ఫైలు కట్టక తప్పదు. సెంటాస్ 7కు మద్దతు 2024 జూన్ 30తోనే ముగిసింది గనుక, ఆ ల్యాబ్ వాళ్లు సిస్టమ్ మార్చుకుంటే మీరు జీలిబ్‌సీ 2.28 ఉన్న ఆల్మాలినక్స్ 8 కంటెయినర్‌కు మారిపోవచ్చు.